మసి అంటిన చోట

ఉదయగిరి దుర్గం కింద, దర్గా వీధి మలుపులో
మా ఇంటి అరుగు మీద
అబ్బాజాన్ మనుషుల్ని కొలిచేవాడు.
చొక్కాలకి కాదు,
తుపాకులకి.

ఆ ఏడు వానల్లేవు.
చిరుత కొండ దిగింది.
గండిపాళెంలో పదకొండు మేకలు,
కృష్ణాపురంలో ఒక పెయ్యదూడ,
ఆఖరికి నులకమంచం కోడుకి గొలుసేసి కట్టిన కుక్క.
గొలుసు మిగిలింది.
దాన్ని పట్టుకునే వచ్చాడు మాలకొండారెడ్డి,
ఇంకో చేతిలో గోనెపట్టాలో చుట్టిన పాత రైఫిలు గొట్టం.
"కుందా చెదలు తినింది సాయిబూ.
ఉన్నా నాకు పనికొచ్చేది కాదులే,
అందరి తుపాకులూ కుడిచేతోళ్ళవే గదా."

అబ్బాజాన్ కొబ్బరిపీచు తాడు తీశాడు.
ఎడమ మోచేతి మడత నుంచి
మీట నొక్కే వేలి మొదటి కణుపు దాకా, ఒక ముడి.
చెంప ఎముక నుంచి కంటిపాప దాకా, ఒక ముడి.
"ఊపిరి బిగబట్టు" అన్నాడు.
రొమ్ము దగ్గర ఇంకో ముడి.
"వదులు" అన్నాడు.
ఆ ముడి విప్పేశాడు.
బిగబట్టినోడి కొలత అబద్ధమంట,
రెడ్డి పోయినాక చెప్పాడు నాకు.

మూడేళ్ళు అటక మీద ఆరిన బిల్లుచెక్క.
బాడిసెతో రూపు, ఉలితో దారి,
ఆకురాయితో బుజ్జగింపు.
ఆ తర్వాతి పని నాది,
ఆముదం దీపం మసి గొట్టానికి పూయడం.
నల్లటి గొట్టాన్ని చెక్కలో అదిమి ఎత్తి చూస్తే
మసి అంటిన చోట చెక్క ఒత్తుతున్నట్టు.
అక్కడ గీకాలి. మళ్ళీ పూయాలి. మళ్ళీ అదమాలి.
తొమ్మిది రాత్రులు. చీదితే నల్లగా వచ్చేది.
"ఇంకెన్నిసార్లు?"
"అంతటా ఒకేలా అంటేదాకా.
ఒక్కచోటే ఆనుకున్నదనుకో,
ఇనుము వేడెక్కినప్పుడు పక్కకి ఒరుగుతాది బేటీ.
తూటా గాయం చేస్తాది, చంపదు.
గాయపడిన పులి ఊరికి ఇంకా దగ్గరవుతాది."

జాడ చదవడానికి మానికల పోలయ్యని తీసకపొయ్యాడు రెడ్డి.
వంక ఇసుకలో ముద్ర పక్కన
గొంతుకూర్చుని చాలాసేపు చూశాడంట పోలయ్య.
"ఎడమ ముందుకాలు ఆనించడంలా.
పందులకేసిన ఉచ్చు తీగ దిగుంటాది లోపలికి.
దుప్పి దీనికింక దొరకదు దొరా.
కట్టేసినవే దొరుకుతాయి."

తెల్లారుజామున ఒక్కటే మోత,
దుర్గం గోడలకి తగిలి మా అరుగు దాకా వచ్చింది.
అబ్బాజాన్ చాయ్ గ్లాసు కింద పెట్టి
రెండోదానికోసం చెవి వొగ్గాడు.
రాలేదు.
అప్పుడు తాగాడు.

ఎద్దులబండిలో తెచ్చారు.
మీసాలు పీకడానికి ఊరంతా ఎగబడింది.
అబ్బాజాన్ జనాన్ని తోసుకుని పోయి
జేబులోంచి తాడు తీశాడు.
ఎడమ ముందుకాలు.
మోచేతి మడత నుంచి, తీగ కోసుకుపోయిన వేలి దాకా.
ముడికి గోరు వెడల్పు తక్కువ, అంతే.
ఏమీ అనలేదు. తాడు చుట్టి నా చేతిలో పెట్టాడు.
రెడ్డి ఇచ్చిన అరవై రూపాయల్లో ఇరవై
పోలయ్యకి ఇచ్చి రమ్మన్నాడు.

పులి పోయినాక పందులు పెరిగాయి.
వేరుశనగ చేలు రాత్రికి రాత్రి దున్నేశాయి.
అవే ఊళ్ళు అదే అరుగెక్కాయి.
అబ్బాజాన్ ఇంకో రెండు కుందాలు చేశాడు,
చేయలేదని అబద్ధం చెప్పను.
ఇంట్లో బియ్యం లేవు.

ఇప్పుడు నేను గరిటెలు చెక్కుతాను.
మొన్న నెల్లూరు నుంచి వచ్చిన బేరగాడు
ఒకదాన్ని తిప్పి తిప్పి చూసి
"కాడ ఎడమకి తిరిగిందేంది ఖాసింబీ?" అన్నాడు.
"పదింటికి ఒకటి అట్నే చేస్తా.
ఎడంచేతోళ్ళు కూడా అన్నం వొండుకుంటారు గదయ్యా."
ధర తగ్గించమన్నాడు.
తగ్గించలా.